నలభై ఫొటోల్లో ఒక్కటే బాగుంది, అదే వేయమంటున్నారు

ఒక విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ నాలుగో ఏడాదిలో ఉన్న అమ్మాయి రాసిన ఉత్తరం ఇది. ఆమెను గుర్తుపట్టే వీలున్న వివరాలన్నీ తీసేసి సారాంశం ఇస్తున్నాను. ఏ చెట్టు ఆకులతో పని చేస్తున్నారో కూడా అందుకే రాయడం లేదు.

ఆమె పని వెండి నానోకణాల మీద. ఆకుల కషాయంలో సిల్వర్ నైట్రేట్ కలిపి వెండిని కణాలుగా మారుస్తారు, అవి బ్యాక్టీరియా పెరుగుదలను ఎంతవరకు ఆపుతాయో చూస్తారు. ఎక్స్‌రే డిఫ్రాక్షన్ పరీక్షలో కణాల పరిమాణం 19 నానోమీటర్లని వచ్చింది (నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షల్లో ఒక వంతు). నిర్ధారించుకోవడానికి వేరే ఊళ్లోని ఒక సంస్థలో ట్రాన్స్‌మిషన్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు మీద సమయం తీసుకున్నారు. దొరికింది రెండు గంటలే. తీసిన నలభై ఫొటోల్లో చాలావాటిలో కనిపించినవి నల్లటి ముద్దలు, ఒక్కొక్కటీ వంద నానోమీటర్లు దాటినవి. ఒకే ఒక్క ఫొటోలో, అదీ ఓ మూలన, చిన్న చిన్న గుండ్రటి కణాలు విడివిడిగా ఉన్నాయి. గైడ్ దాన్ని చూడగానే "ఇదే మన ఫిగర్" అన్నారు. ఆ మూలలోని కణాలనే కొలిచి సగటు పరిమాణం 18 నానోమీటర్లని రాయమన్నారు. మిగతా ఫొటోల సంగతి అడిగితే "శాంపిల్ సరిగా ఆరలేదు, పక్కన పెట్టేయ్" అన్నారు.

గైడ్ చెడ్డవారైతే ఆమెకు ఇంత బాధ ఉండేది కాదు. ఫెలోషిప్ డబ్బు రాని నెలల్లో హాస్టల్ ఫీజు ఆయనే కట్టారు. ఇంట్లో డిగ్రీ దాటి చదివిన మొదటి మనిషి ఆమే. ఫెలోషిప్ ఇంకో ఏడు నెలల్లో ముగుస్తుంది. పేపర్ రాకపోతే థీసిస్ ఇవ్వనివ్వరని భయం. సీనియర్లను అడిగితే, "అందరూ బాగున్న బొమ్మే వేస్తారు, నువ్వేం కొత్తగా చేయడం లేదు" అన్నారు. చివర్లో ఇలా రాశారు: "నేను చేయబోతున్నది మోసమా, లేక విషయం సరిగా తెలియక భయపడుతున్నానా? రాత్రిళ్లు ఆ నలభై ఫొటోలూ తెరిచి వరసగా చూస్తూ కూర్చుంటున్నాను. తీసేయలేను, ఎవరికీ చూపించలేను."

మీకు ముందుగా చెప్పాల్సింది ఒకటుంది. ఆ ఫొటోలు తీసేయకండి. మైక్రోస్కోపు నుంచి వచ్చిన అసలు ఫైళ్లనే ఈ రోజు ఇంకో రెండు చోట్ల దాచండి. మాగ్నిఫికేషన్, వోల్టేజీ, తీసిన సమయం లాంటి వివరాలు వాటిలోనే ఉంటాయి, మామూలు ఫొటోగా మార్చినవాటిలో చాలావరకు పోతాయి. బెల్ ల్యాబ్స్‌లో యాన్ హెండ్రిక్ షోన్ అనే శాస్త్రవేత్త మీద 2002లో విచారణ జరిగినప్పుడు, అసలు డేటా ఏదని అడిగితే కంప్యూటర్‌లో చోటు చాలక తీసేశానన్నారు. ఆయన చేసిన పనికీ మీ పరిస్థితికీ పోలిక లేదు, ఆయన లేని ఫలితాలు సృష్టించారు. కానీ అసలు ఫైళ్లు లేని మనిషి మాట ఎవరూ నమ్మరన్నది మాత్రం మీకూ నాకూ సమానంగా వర్తిస్తుంది.

ఇప్పుడు మీ ప్రశ్న. అందులో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. మీ సీసాలో నిజంగా ఏముంది అన్నది ఒకటి. గైడ్ చెప్పినట్టు రాయాలా వద్దా అన్నది రెండోది. మీరు రెండోదానితోనే రాత్రిళ్లు గడుపుతున్నారు. మొదటిదానికి జవాబు మీ దగ్గరా లేదు, మీ గైడ్ దగ్గరా లేదు. ఆ జవాబు వచ్చేవరకు ఆయన తప్పు చేయిస్తున్నారని మీరు అనుకోలేరు, ముద్దలన్నీ ఆరడంలో వచ్చిన లోపమేనని ఆయనా తేల్చలేరు.

చాలా ఏళ్లు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుల దగ్గర పనిచేసిన మనిషిగా చెబుతున్నాను, ఈ చిక్కు చాలావరకు పరికరం స్వభావంలోనే ఉంది. కాంతితో చూసే మామూలు మైక్రోస్కోపు ఎంత మంచిదైనా దాదాపు 200 నానోమీటర్ల కంటే దగ్గరగా ఉన్న రెండు చుక్కలను విడదీసి చూపలేదు. వాడే కాంతి తరంగదైర్ఘ్యంలో ఇంచుమించు సగం దగ్గరే అది ఆగిపోతుందని ఎర్నెస్ట్ అబే 1873లోనే తేల్చారు. మీ కణం అందులో పదో వంతు. అందుకే ఎలక్ట్రాన్లు కావలసి వచ్చాయి. 1931లో బెర్లిన్‌లో ఎర్నెస్ట్ రుస్కా, మాక్స్ నోల్ మొదటి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కట్టారు. ఇప్పటి యంత్రాల్లో 200 కిలోవోల్టుల దగ్గర ఎలక్ట్రాన్ తరంగదైర్ఘ్యం సుమారు 0.0025 నానోమీటర్లే. పరమాణువుల వరసలు కూడా కనిపిస్తాయి.

అంత సూక్ష్మంగా చూడగలిగినందుకు ఒక మూల్యం ఉంది. ఎంత దగ్గరగా చూస్తే అంత తక్కువ చోటు చూస్తాం. మీరు ద్రావణం చుక్క వేసిన రాగి గ్రిడ్ (గళ్లుగళ్లుగా ఉండే జల్లెడలాంటి చిన్న బిళ్ల) వ్యాసం మూడు మిల్లీమీటర్లు, అంటే వైశాల్యం దాదాపు 70 లక్షల చదరపు మైక్రోమీటర్లు. మీ ఫొటో ఒక్కో వైపు 500 నానోమీటర్లు ఉందనుకుందాం. అది పావు చదరపు మైక్రోమీటరు. లెక్క వేస్తే ఒక ఫొటో గ్రిడ్‌లో సుమారు 2.8 కోట్లవ వంతు అవుతుంది. నలభై ఫొటోలు కలిపినా ఏడు లక్షల్లో ఒక వంతు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటాం. గిన్నెలో అన్నమంతా ఒకేలా ఉడుకుతుంది కాబట్టి అక్కడ ఆ మాట చెల్లుతుంది. గ్రిడ్ మీద చుక్క అలా ఆరదు. అంచుల్లో ఒకలా, మధ్యలో ఒకలా, ఒక గడికీ పక్క గడికీ కూడా తేడాగా ఆరుతుంది. అందుకని ఒక మూలను చూపించి మొత్తం ఇలాగే ఉందనడానికి ఆధారం లేదు. అదే కారణంతో, ఎక్కువ ఫొటోల్లో ముద్దలున్నాయి కాబట్టి సీసాలోనూ ముద్దలే ఉన్నాయనడానికీ ఆధారం లేదు.

మీ గైడ్ మాటలో నిజం ఉండే అవకాశం ఇక్కడే ఉంది. నీరు ఆవిరవుతున్నకొద్దీ, మిగిలిన తడి కణాలన్నిటినీ దగ్గరికి లాగుతుంది. మీ శాంపిల్‌లో ఆకు కషాయం నుంచి వచ్చిన జిగురు పదార్థాలు కూడా ఉంటాయి, అవి కణాలను ఒకదానికొకటి అంటిస్తాయి. సీసాలో విడిగా తేలుతున్న కణాలు గ్రిడ్ మీదికి వచ్చాక ముద్దకట్టడం మా ల్యాబుల్లో అందరికీ తెలిసిన సంగతే. ఆరబెట్టడం అంత పెద్ద సమస్య కాబట్టే, జీవ అణువుల విషయంలో నీటిని మంచు స్ఫటికాలు ఏర్పడే వ్యవధి లేనంత వేగంగా గడ్డకట్టించి చూసే పద్ధతి వచ్చింది. దానికి బాట వేసినవారిలో ఒకరైన జాక్ డుబోషే 2017లో మరో ఇద్దరితో కలిసి రసాయనశాస్త్ర నోబెల్ అందుకున్నారు.

మీ ఎక్స్‌రే ఫలితం దగ్గర మాత్రం గైడ్, మీరు ఇద్దరూ ఆగి ఆలోచించాలి. 19 నానోమీటర్లన్నది షెరర్ సూత్రం నుంచి వచ్చి ఉంటుంది. 1918 నాటి ఆ సూత్రం చెప్పేది స్ఫటికం పరిమాణం. చిన్న చిన్న స్ఫటికాలు అతుక్కుని వంద నానోమీటర్ల ముద్దగా మారినా షెరర్ లెక్కలో 19 అనే వస్తుంది. అంటే ఎక్స్‌రే ఫలితం మీ మంచి ఫొటోను బలపరుస్తున్నట్టు పైకి కనిపిస్తుంది, కానీ ముద్దలున్న మిగతా ఫొటోలతోనూ దానికి పేచీ లేదు. 18కి 19కి సరిపోయిందన్న సంతోషమే మిమ్మల్నందరినీ తొందరపెడుతోందని నా అనుమానం.

మరి ముద్దలు సీసాలోనే ఉన్నాయా, గ్రిడ్ మీద ఏర్పడ్డాయా? ఇది తేల్చడానికి ముందు మళ్లీ మైక్రోస్కోపు దగ్గరికి వెళ్లనక్కర్లేదు. మీరు కణాలు తయారుచేసిన రోజునే యూవీ-విజిబుల్ స్పెక్ట్రం, అంటే ద్రావణం ఏ తరంగదైర్ఘ్యం కాంతిని ఎంత ఆపుతుందో చూపే గ్రాఫ్, తీసి ఉంటారు. ఆ గ్రాఫ్ బయటికి తీయండి. ఇరవై నానోమీటర్ల వెండి కణాలు విడివిడిగా ఉంటే 400 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర సన్నటి శిఖరం వస్తుంది. ఆకు పదార్థాల పూత వల్ల అది కాస్త కుడికి జరిగి 420 దాటినా గాభరాపడక్కర్లేదు. శిఖరం వెడల్పుగా చదునై, కుడివైపు పొడవాటి తోకలా సాగితే మాత్రం ముద్దలు ద్రావణంలోనే ఉన్నాయని అనుమానించాలి. మైక్రోస్కోపు చూపేది ఒక మూలనైతే, ఈ గ్రాఫ్ క్యూవెట్‌లో (ద్రావణం పోసే చిన్న పారదర్శక పాత్రలో) కాంతి దారిలో ఉన్న కోట్లాది కణాల మాట ఒక్కసారే చెబుతుంది. అందుకే మీ విషయంలో దీనికి ఎక్కువ విలువ ఇస్తాను.

డైనమిక్ లైట్ స్కాటరింగ్ (ద్రావణంలోని కణాలు వెదజల్లే కాంతిని బట్టి పరిమాణం లెక్కగట్టే పరీక్ష) చేయించమని ఎవరైనా సలహా ఇస్తే చేయించండి, కానీ జాగ్రత్తగా చదవండి. చిన్న కణాలు వెదజల్లే కాంతి, కణం వ్యాసానికి ఆరో ఘాతంలో పెరుగుతుంది. వంద నానోమీటర్ల కణం ఒక్కటి, ఇరవై నానోమీటర్ల కణాలు పదిహేను వేలకు పైగా కలిసి ఇచ్చేంత కాంతినిస్తుంది. నాలుగు ముద్దలుంటే చాలు, యంత్రానికి అవే వినిపిస్తాయి. సన్నటి సూదితో ఉపరితలాన్ని తడిమి చూసే అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోపు మీ విశ్వవిద్యాలయంలోనే ఉంటే అదీ ఉపయోగపడుతుంది. అందులో ఎత్తును నమ్మండి, వెడల్పును నమ్మకండి. సూది మొనకు కూడా మందం ఉంటుంది కాబట్టి కణం ఎప్పుడూ అసలు కంటే వెడల్పుగానే కనబడుతుంది.

ఇక మోసమా అన్న మాటకు వస్తాను. మీ సీనియర్లు చెప్పినదాంట్లో సగం నిజం. పేపర్‌లో స్పష్టంగా ఉన్న ఫొటో వేయడం తప్పు కాదు, అందరూ అదే చేస్తారు, నేనూ చేశాను. తప్పు ఫొటోలో లేదు, దాని కింద రాయబోతున్న వాక్యంలో ఉంది. "ఈ మూలలో 18 నానోమీటర్ల కణాలు కనిపించాయి" అన్నది నిజం. "నమూనా సగటు పరిమాణం 18 నానోమీటర్లు" అన్నది, ముప్పై తొమ్మిది ఫొటోలు పక్కన పెట్టాక, మీకు తెలియని విషయాన్ని తెలిసినట్టు చెప్పడం. మీ గుండె కొట్టుకుంటున్నది ఆ వాక్యం దగ్గరే. అది సరిగానే కొట్టుకుంటోంది.

ఆశించిన బొమ్మనే ఎంచుకోవడం నిజాయితీపరులను కూడా ఎలా ముంచుతుందో చెప్పే ఉదంతం ఒకటుంది. గెర్డ్ బినిగ్, హైన్రిష్ రోరర్ 1981లో జ్యూరిక్‌లోని ఐబీఎం ప్రయోగశాలలో, సూది మొనకూ ఉపరితలానికీ మధ్య పారే కరెంటుతో బొమ్మ గీసే స్కానింగ్ టన్నెలింగ్ మైక్రోస్కోపు తయారుచేశారు. 1986లో రుస్కాతో పాటు నోబెల్ పంచుకున్నారు. ఆ దశాబ్దం చివరికి చాలా బృందాలు గ్రాఫైట్ మీద డీఎన్ఏ పరిచి, దాని మెలికలను చూశామని బొమ్మలు ప్రచురించాయి. 1991లో క్లెమ్మర్, బీబే అనే ఇద్దరు పరిశోధకులు ఏమీ పరచని ఉత్త గ్రాఫైట్‌ను చూసి, దాని పొరల అంచుల దగ్గర అచ్చం అలాంటి మెలికలే దొరుకుతాయని సైన్స్ పత్రికలో చూపించారు. అంతకుముందు ప్రచురించినవాళ్లు దొంగలేమీ కాదు. డీఎన్ఏ కోసం వెతికారు, డీఎన్ఏలా ఉన్నది కనిపించగానే ఆగిపోయారు. ఎన్ని చోట్ల అలాంటిది కనిపించలేదో, ఉత్త గ్రాఫైట్ మీద ఏం కనిపిస్తుందో చెప్పేవాళ్లు వాళ్ల పక్కన లేరు. మీ పక్కన ఆ ముప్పై తొమ్మిది ఫొటోలున్నాయి.

ఇప్పుడు మీ ముందున్న దారులు. ఏది ఎంచుకున్నా దాని ఖర్చు దానికుంది, దాచకుండా చెబుతాను.

గైడ్ చెప్పినట్టే రాసి పంపొచ్చు. బహుశా అచ్చవుతుంది కూడా. అక్కడితో కథ ముగియదు. వైవాలో పరీక్షకులు ఎన్ని కణాలు కొలిచారు, ఎన్ని చోట్ల అని అడిగితే నిలబడి జవాబు చెప్పాల్సింది మీరు. మీ తర్వాత ల్యాబ్‌లోకి వచ్చే జూనియర్ అదే పద్ధతిలో 18 నానోమీటర్లు రప్పించలేక నెలలు పోగొట్టుకుంటారు, లోపం తనదే అనుకుంటారు. వీటన్నిటికంటే నన్ను కలవరపెట్టేది మీ బ్యాక్టీరియా ఫలితాలు. వెండి చాలావరకు పనిచేసేది అయాన్లు విడుదలవడం వల్ల. కణం చిన్నదైతే బరువుకు తగ్గ ఉపరితలం ఎక్కువ, విడుదలా ఎక్కువ. పరిమాణం తప్పుగా రాస్తే, మీరు నిజాయితీగా చేసిన ఆ ప్రయోగాలకు కూడా తప్పు కారణం అంటగట్టినట్టవుతుంది.

రెండో దారిలో కొత్త ప్రయోగం అక్కర్లేదు. అదే మంచి ఫొటో వేయండి, పక్కనే తక్కువ మాగ్నిఫికేషన్‌లో ముద్దలున్న ఫొటో ఒకటి వేయండి. కింద ఇలా రాయండి: "విడిగా ఉన్న కణాల సగటు వ్యాసం 18 నానోమీటర్లు. చాలా ప్రాంతాల్లో 100 నానోమీటర్లకు మించిన గుంపులు కనిపించాయి. ఇవి ఆరబెట్టేటప్పుడు ఏర్పడి ఉండవచ్చు." చివరి వాక్యాన్ని యూవీ గ్రాఫ్ బలపరిస్తేనే ఉంచండి. దీనివల్ల పేపర్ కాస్త చిన్న పత్రికకు వెళ్లొచ్చు, రివ్యూయర్ అదనపు పని అడగొచ్చు. మీ ఏడు నెలల గడువులో సాధ్యమయ్యే దారి మాత్రం ఇదే అనిపిస్తోంది.

మూడోది శాంపిల్ మళ్లీ చేసి చూడటం. నాకు ఇష్టమైన దారి ఇది, కానీ సమయం, డబ్బు మీవి. చేస్తే ఇలా చేయండి. కణాలు తయారైన రోజే, సెంట్రిఫ్యూజ్‌లో కడిగి జిగురు తగ్గించండి. లేత పసుపు రంగు కనీకనిపించనంత వరకు పలచన చేయండి. కాసేపు సోనికేట్ చేసి (ధ్వని తరంగాలతో కదిపి), ఐదు మైక్రోలీటర్ల చుక్క గ్రిడ్ మీద వేసి, ఒక్క నిమిషం ఆగి ఫిల్టర్ పేపర్ అంచును తాకించి నీటిని లాగేయండి. దీపం కింద పెట్టి ఆరనివ్వకండి. మైక్రోస్కోపు ముందు కూర్చునే ముందే ఏయే గళ్లు చూడాలో నోట్‌బుక్‌లో రాసుకోండి, మధ్య నుంచి వరసగా ఐదారు గళ్లు చాలు. ప్రతి గడిలో ఏది కనిపిస్తే అదే తీయాలి, బాగున్న చోటు వెతక్కూడదు. కొన్ని వందల కణాలు కొలిచి, ఏ పరిమాణంలో ఎన్ని ఉన్నాయో చూపే హిస్టోగ్రామ్ గీయండి. ఈ కొలత ఎలా చేయాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం కూడా ఉంది, ఐఎస్‌ఓ 21363, మీ లైబ్రరీలో అడగండి. యంత్రం కోసం కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ ఆధ్వర్యంలోని సైఫ్ కేంద్రాలను, ఐ-స్టెమ్ పోర్టల్‌ను చూడండి. బయటి విద్యార్థులకూ సమయం ఇస్తారు. మళ్లీ ముద్దలే రావచ్చన్నది గుర్తుంచుకోండి. అప్పుడు మీ పేపర్ విషయమే మారుతుంది.

హిస్టోగ్రామ్‌లో రెండు శిఖరాలు వస్తే, ఇరవై దగ్గర ఒకటి, వంద దాటాక ఒకటి, దిగులుపడకండి. ఆకు కషాయంలో కణాలు రెండు దశల్లో పెరుగుతున్నాయేమో, ఏ సమయం దగ్గర ఆపితే చిన్నవే మిగులుతాయో అన్న ప్రశ్న అక్కడ పుడుతుంది. ఆ ప్రశ్న మీ థీసిస్‌లో ఒక అధ్యాయానికి సరిపోతుంది.

గైడ్ వీటిలో దేనికీ ఒప్పుకోకపోతే? మీకు ప్రతి సెమిస్టర్ పరిశోధక సలహా సంఘం సమావేశం ఉంటుంది. అందులో ఎవరి మీదా ఫిర్యాదు చేయకుండా, అన్ని ఫొటోలూ ఒక్క స్లైడ్‌లో చూపించి, ఎలా నివేదించాలో సలహా అడగండి. గైడ్ కాస్త నొచ్చుకుంటారు, అది ఖాయం. అందుకే ముందురోజే ఆ స్లైడ్ ఆయనకు చూపించండి. ఆఖరుకు పేపర్‌లో మీ పేరు వద్దనవచ్చు. దానికి మూల్యం పెద్దది. సిఫార్సు లేఖలు, ఆయనతో అనుబంధం, ల్యాబ్‌లో మీ స్థానం అన్నీ కదులుతాయి. పై అధికారులకు ఫిర్యాదు ఇప్పుడు వద్దంటాను. 2018 నాటి యూజీసీ నిబంధనల దృష్టి ప్రధానంగా గ్రంథచౌర్యం మీదే, మీ సమస్య వాటిలో సరిగా ఇమడదు. ముద్దలు కనబడకుండా ఫొటో దిద్దమన్నా, వేరే శాంపిల్ ఫొటో ఇక్కడ పెట్టమన్నా, ఫైళ్లు చెరిపేయమన్నా అప్పుడు సంగతి వేరు. ఆ రోజు నాకు మళ్లీ రాయండి.

మీ భయంలో ఒక భాగం అనవసరం కావచ్చు. థీసిస్ ఇవ్వాలంటే పేపర్ తప్పనిసరి అన్న నియమాన్ని యూజీసీ 2022 నవంబర్ నిబంధనల్లో తీసేసింది. మీ విశ్వవిద్యాలయం సొంతంగా ఆ నియమం ఉంచుకుందేమో పీహెచ్‌డీ విభాగంలో అడగండి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. అవే నిబంధనల ప్రకారం గడువు ఆరేళ్లు, మళ్లీ నమోదుతో మరో రెండేళ్లు, మహిళలకు ఇంకో రెండేళ్ల వెసులుబాటు. ఫెలోషిప్ ముగియడం, రిజిస్ట్రేషన్ ముగియడం ఒకటి కాదు. డబ్బు కష్టం నిజమే, కానీ తలుపులు ఏడో నెలలో మూసుకోవు.

హాస్టల్ ఫీజు గురించి. ఆయన ఆ రోజు చేసింది మంచి పని, జీవితాంతం గుర్తుంచుకోండి. ఆ రుణం ఒక వాక్యంతో తీరేది కాదు, తీర్చాల్సింది అలా కాదు. ఆయన పేరు కూడా ఆ పేపర్ మీదే ఉంటుంది, మీ పేరు కంటే ఎక్కువ కాలం జనం గుర్తుపెట్టుకుంటారు. ఆయన్ని కాపాడటం కూడా మీ చేతుల్లోనే ఉంది. "సార్, మీరు చెప్పింది తప్పు" అని మొదలుపెట్టకండి. "సార్, రివ్యూయర్ ఎన్ని కణాలు కొలిచారని అడిగితే మన దగ్గర జవాబు లేదు. యూవీ గ్రాఫ్ కూడా చూసి రాద్దామా?" అని అడగండి. గది తలుపు దగ్గర నిలబడి కాదు, కూర్చుని, గ్రాఫ్ చేతిలో పెట్టుకుని అడగండి. చాలామంది గైడ్లు ప్రాజెక్టు లెక్కల మధ్య, పదోన్నతి ఒత్తిడి మధ్య తొందరపడతారు. ఒక్క నిమిషం ఆపితే శాస్త్రవేత్త మళ్లీ బయటికి వస్తారు. మీ ఉత్తరంలో కనిపించిన మనిషి అలాంటివారే అనిపిస్తోంది.

గ్రాఫ్ తీశాక శాంపిల్ సీసా మీద తేదీ కూడా చూడండి. వెండి కణాలు నిల్వలో మారతాయి, వెలుతురులో ఇంకా త్వరగా. స్పెక్ట్రం తీసిన రోజుకూ మైక్రోస్కోపు దగ్గరికి వెళ్లిన రోజుకూ మధ్య వారాలు గడిచి ఉంటే ఆ రెండు ఫలితాలనూ పోల్చలేరు. అలాగైతే మిగిలిన ద్రావణంతో రేపే మళ్లీ స్పెక్ట్రం తీసి, పాత గ్రాఫ్ మీద పెట్టి, ఆ కాగితంతోనే సార్ గదికి వెళ్లండి.